పోగు తెగిన తర్వాత

నేను చేసిన తప్పు ఒక్క క్షణంలో అయిపోయింది. నా మూర్ఖత్వం మాత్రం ఆ సాయంత్రం మొదలై మర్నాడు మధ్యాహ్నం దాటేదాకా సాగింది. ఈ రెంటినీ చాలాకాలం ఒకటిగానే చెప్పుకుంటూ వచ్చాను. కొత్తగా చేరిన పిల్లలు "మీరెప్పుడైనా పెద్ద పొరపాటు చేశారా సార్?" అని అడిగితే, ప్రొడక్షన్‌లో ఒక క్వెరీ తప్పు కొట్టానని చెప్పి ఊరుకునేవాణ్ణి. వాళ్లు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి. క్వెరీ తప్పు కొట్టనివాళ్లు మా వృత్తిలో అరుదు కాబట్టి ఆ మాట చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు. ఆ తర్వాతి గంటల గురించి చెప్పడానికే ధైర్యం కావాలి. ఇన్నాళ్లూ అది లేకపోయింది.

మాది సోలాపూర్‌లో నీలం నగర్. అక్కల్‌కోట్ రోడ్డు వైపు, ఎంఐడీసీకి దగ్గర. ఊళ్లో 1870ల్లో నూలు మిల్లు వచ్చాక, ఆ తర్వాతి తరాల్లో తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీ కుటుంబాలు మూటలు కట్టుకుని ఇక్కడికి వచ్చాయి. మా ముత్తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ కలిసిన మాట. మగవాళ్లు మరమగ్గాల కార్ఖానాల్లో చద్దర్లూ టవళ్లూ నేస్తారు, ఆడవాళ్లు గడపలో కూర్చుని బీడీలు చుడతారు. సోలాపూర్ చద్దరుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా గల్లీలో ఎవరికీ పగారు పెరగలేదు గానీ, అందరికీ సంతోషమైంది. నాయిన చద్దర్ల కార్ఖానాలో రెండు జకార్డు మగ్గాలు చూసేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. బీడీలు తనిఖీ చేసే చెకర్ తీసి పక్కన పడేసిన వాటికి కూలి రాదు కనుక ఆమె చేతివేళ్లు ఎప్పుడూ తొందరపడేవి కావు.

నేను సోలాపూర్‌లోనే ఇంజినీరింగ్ చదివాను. మా ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు లేవనే చెప్పాలి, అందువల్ల మా వయసు వాళ్లందరిలాగే పుణే వెళ్లాను. చేరిన కంపెనీ వేరే కంపెనీలకు జీతాల లెక్కలు చేసిపెట్టేది. హాజరు, ఓవర్‌టైమ్, కోతలు, పీఎఫ్ అన్నీ మా డేటాబేస్‌లోకి వచ్చేవి. నెలలో ఒక రాత్రి మా ప్రోగ్రామ్ దానంతటదే లేచి, ఒక్కో మనిషికి ఎంత పడాలో లెక్కగట్టి, ఆ ఫైలును బ్యాంకుకు పంపేసేది. ఆ రాత్రి పనిని మేము బ్యాచ్ అనేవాళ్లం.

అది శ్రావణం. మహారాష్ట్రలోనే ఉన్న ఒక కార్ఖానాల గ్రూపుకు జీతాలు పడవలసిన రోజు. ఒక విభాగంలో 41 మంది ఓవర్‌టైమ్ తప్పుగా ఎక్కిందనీ, దాన్ని సున్నా చేస్తే వాళ్లే సరైన అంకెలు మళ్లీ ఎక్కిస్తారనీ టికెట్ వచ్చింది. నాలుగు వరుసల క్వెరీ రాశాను. మొదటి మూడు వరుసలు ఏ టేబుల్‌లో ఏ గడిని సున్నా చేయాలో చెబుతాయి. నాలుగో వరుస ఎవరికి అన్నది చెబుతుంది. టెస్ట్‌లో నడిపి చూశాను, బాగానే ఉంది. అసలు డేటాబేస్‌లో, అంటే ప్రొడక్షన్‌లో, అతికించాను. మేము వాడే టూల్‌లో మౌస్‌తో గీసి ఎంతవరకు ఎంచుకుంటే అంతవరకే నడుస్తుంది. నేను గీసినప్పుడు నాలుగో వరుస బయట మిగిలిపోయింది. మీట నొక్కాను. 41 రావలసిన చోట ఏడు వేలు దాటిన అంకె కనిపించింది. ఆ గ్రూపులో పనిచేసే ప్రతి మనిషి ఆ నెల చేసిన ఓవర్‌టైమ్ సున్నా అయిపోయింది. మార్పును ఖాయం చేసేముందు కమిట్ అడిగే ఏర్పాటు ఆ టూల్‌లో ఆపేసి ఉంది, వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటే. ఎవరికైనా జరగవచ్చు.

అప్పుడు సాయంత్రం ఆరున్నర. బ్యాచ్ లేచేది రాత్రి పదకొండుకి. డేటాబేస్ తనలో జరిగే ప్రతి మార్పునూ ఒక చిట్టాలో రాసుకుంటూ పోతుంది. ఆ చిట్టా ఉన్నంతకాలం ఏ నిమిషం దగ్గరికైనా వెనక్కి వెళ్లి చూడవచ్చు. అది చేయగలిగిన డీబీఏ, అంటే డేటాబేస్ చూసుకునే మనిషి, నాకు రెండు బల్లల అవతల కూర్చుని టీ తాగుతున్నాడు. లేచి, నడిచి, "ఓవర్‌టైమ్ టేబుల్ పాడుచేశాను" అని ఆయనతో నాలుగు మాటలు చెబితే సరిపోయేది. రాత్రి పదింటికల్లా అన్నీ చక్కబడేవి. ఒకవేళ చక్కబడకపోయినా, బ్యాచ్ ఆపమని ఒక ఫోన్ చేస్తే జీతాలు ఒక పూట ఆలస్యమయ్యేవి, అంతే.

నేను లేవలేదు. తెర వైపే చూస్తూ కూర్చున్నాను. చెవుల్లో రక్తం కొట్టుకోవడం వినిపించింది. ఎవరైనా వెనకనుంచి చూస్తారేమోనని ఆ విండో చిన్నది చేశాను. నాకు వచ్చిన మొదటి ఆలోచన ఆ ఏడు వేలమంది గురించి కాదు, ఇది ఎవరూ చూడకముందే సరిచేయాలి అన్నది.

వెతికితే ఒక పాత నకలు దొరికింది. అంతకు ముందు వారం ఎవరో ఏదో పరీక్ష కోసం ఆ టేబుల్‌ను నకలు తీసి తుడిచేయడం మరిచిపోయారు. అందులోంచి అంకెలు తీసి అసలు టేబుల్‌లో నింపాను. సున్నాలు పోయి అంకెలు వచ్చాయి. మొత్తం కూడి చూస్తే పాత నెలల మొత్తాలకు దగ్గరగానే ఉంది. తేడా కొంచెమే, పర్వాలేదనుకున్నాను. ఆ కొంచెం ఏమిటో నాకు తెలుసు. నకలు తీసిన తర్వాతి వారంలో వాళ్లు చేసిన ఓవర్‌టైమ్ అంతా అందులో లేదు. తెలిసి కూడా, కొన్ని గంటలే కదా, ఎవరు గమనిస్తారు, గమనిస్తే వచ్చే నెల సర్దుతారు అని నాకు నేను చెప్పుకున్నాను.

సాఫ్ట్‌వేర్ పని తెలిసినవాళ్లకు నేను చేసినదాని దారుణం ఇక్కడ అర్థమవుతుంది. తెలియనివాళ్లకు విడమరచి చెప్పాలి. ఏడు వేల సున్నాలు అలాగే ఉండిపోయి ఉంటే తప్పు దాగేది కాదు. బ్యాచ్‌కు ముందు నడిచే తనిఖీలో మొత్తం సున్నా వస్తే ప్రోగ్రామ్ తనే ఆగేది. ఆగకపోయినా ఆ కార్ఖానా గుమాస్తా మొదటి పేజీలోనే పట్టుకునేవాడు. నేను ఆ సున్నాలు తీసేసి నమ్మదగిన అబద్ధాలు పెట్టాను. అవి చూడటానికి అంకెల్లాగే ఉన్నాయి, తనిఖీలన్నీ దాటాయి. పదకొండింటికి బ్యాచ్ లేచింది, ఫైలు బ్యాంకుకు వెళ్లింది. నేను రూముకు వెళ్లి అన్నం తినకుండా పడుకున్నాను.

పొద్దున ఫోన్లు మొదలయ్యాయి. జీతం తక్కువ పడిందని వందలమంది కార్ఖానా ఆఫీసు ముందు నిలబడ్డారు. పండగ ముందు వారంలో అదనంగా నిలబడి చేసిన పనికి డబ్బు రాలేదు. మా దగ్గర ఎస్కలేషన్ అంటాం, విషయం పైవాళ్ల దాకా వెళ్లింది. ఆ వారం సపోర్టు డ్యూటీ నాది కాబట్టి, ఏం జరిగిందో ప్రాథమిక నివేదిక రాయమని నాకే చెప్పారు. ఆర్‌సీఏ అంటే మూలకారణం చెప్పే కాగితం. తప్పు చేసినవాడి చేతికే ఆ కాగితం వచ్చింది. ప్రొడక్షన్‌లోకి వెళ్లడానికి టీమ్ అందరికీ కలిపి ఒకే యూజర్ ఉండేది, పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. చిట్టాలో ఎవరి పేరూ ఉండదు. నేను నోరు విప్పకపోతే ఎప్పటికీ బయటపడదు.

నేను రాసిన వాక్యం నాకు ఇప్పటికీ అక్షరాలతో సహా గుర్తుంది. క్లయింటు వైపు నుంచి వచ్చిన ఇన్‌పుట్ ఫైలులో చివరి వారం వివరాలు లోపించి ఉండవచ్చు అని రాశాను. ఆ 'ఉండవచ్చు' వెనక దాక్కున్నాను. అబద్ధం చెప్పలేదని అనిపించుకోవడానికి ఆ ఒక్క మాట చాలనుకున్నాను.

ఫైలు ఎక్కించేది కార్ఖానా వైపు ఒక ఆపరేటరు. లేబర్ కాంట్రాక్టరు పెట్టిన మనిషి, రోజు లెక్కన పనిచేసే అమ్మాయి. పదింటికి అందరినీ కలిపి ఫోన్ కాల్ పెట్టారు. అటు పెద్ద మేనేజరు, హెచ్‌ఆర్ వాళ్లు, ఇటు మా మేనేజరు, టీమ్ లీడ్, నేను. నా వాక్యం చదివి వినిపించి, ఆమెను అడిగారు. ఆమె మరాఠీలో, "మీ దోనదా తపాసలం సర్" అంది. రెండుసార్లు చూసుకున్నాను సార్ అని. గొంతు వణికింది. మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పింది. రెండుసార్లు చూసుకుంటే ఎలా పోయిందని మేనేజరు గట్టిగా అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. నా ఫోన్ మ్యూట్‌లో ఉంది, వేలు ఆ గుర్తు మీదే ఉంది, తీయలేదు. ఈ మొత్తంలో నేను క్షమించుకోలేని నిమిషం అదే.

కాల్ అయిపోయాక ఎవరికీ ఏమీ చెప్పకుండా భోజనానికి వెళ్లాను. తినలేక వచ్చాను. మధ్యాహ్నం మెట్ల దగ్గర టీమ్ లీడ్ కనిపిస్తే ఆపి, "సార్, ఫైలు కాదు. నేనే" అన్నాను. ఆయన ముందు అర్థం చేసుకోలేదు. మొత్తం చెప్పాను. ఆయన ఒకే ప్రశ్న వేశాడు: ఎన్నింటికి జరిగింది? ఆరున్నరకని చెప్పాను. చాలాసేపు గోడ వైపు చూసి, అప్పుడే చెప్పి ఉంటే ఒక్క ఫోన్‌తో పోయేది కదా అన్నాడు. తిట్టలేదు. నాతోపాటు డీబీఏ దగ్గరికి నడిచాడు. ఆ రాత్రికి పాత స్థితిని వేరే సర్వర్ మీదికి తెచ్చి, తేడాలు తీసి, బాకీ ఫైలు తయారుచేశారు. తర్వాతి రోజుల్లో వాళ్ల డబ్బు వాళ్లకు పడింది. నన్ను తీసేయలేదు. కొంతకాలం ప్రొడక్షన్‌లోకి వెళ్లే అనుమతి తీసేశారు, ఆ ఏడాది ప్రమోషన్ రాలేదు. రెండూ న్యాయమే.

ఆపరేటరు విషయం మాత్రం చక్కబడలేదు. మా నివేదిక సరిదిద్ది పంపేలోపే కాంట్రాక్టరు ఆమెను రావద్దన్నాడు. తప్పు ఆమెది కాదని ఉత్తరం వెళ్లింది, మళ్లీ పిలిచారని తెలిసింది. ఆమె రాలేదు. ఎందుకు వస్తుంది? క్షమాపణ ఉత్తరం ఒకటి రాసి అక్కడి హెచ్‌ఆర్ ద్వారా పంపాను. జవాబు రాలేదు. నాకు జవాబు చెప్పవలసిన అవసరం ఆమెకు లేదు.

నారళీ పౌర్ణమికి సోలాపూర్ వెళ్లాను. ఆ రోజు మార్కండేయుడి రథం తీస్తారు, మా తెలుగువాళ్లంతా వీధుల్లోనే ఉంటారు. రథం వెళ్లాక ఇంటికి వచ్చి నాయినకు అంతా చెప్పాను. క్వెరీ, టేబుల్, బ్యాచ్ అన్నవి ఆయనకు ఎలా చెప్పాలో తెలియక తడబడ్డాను గానీ, ఆయనకు అర్థం కావడానికి అవేవీ అడ్డం రాలేదు. ఆయన అడిగిన మొదటి మాట, "ఎవల పగారు ఆగింది బిడ్డా?" అని.

నాకు తెలియదు. ఆ టేబుల్‌లో వాళ్లు ఉద్యోగి నంబర్లుగా ఉన్నారు. ఏ విభాగం వాళ్లు, ఏం నేస్తారు, ఏం వండుతారు, ఏం మోస్తారు, ఒక్కరి పేరూ నేను చదవలేదు. ఎంత తక్కువ పడిందని అడిగాడు. మొత్తం చెప్పాను, మనిషికి ఎంతన్నది చెప్పలేకపోయాను. వారం పగారు ఒక పూట తగ్గితే ఏ ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసిన ఇంట్లో పుట్టి, నేను ఆ లెక్క వేసుకోలేదు.

అప్పుడు నేనొక సమర్థన చెప్పుకున్నాను. చాలా ఆలోచించి తయారుచేసుకున్న సమర్థన అది. కార్ఖానాలో పడుగు పోగు తెగితే మగ్గం ఆపి అతకాలి. ఆపకపోతే గుడ్డంతా గీతలా ఖాళీ పడుతుంది. కానీ నేతగాడిది పీసు కూలి, ఆపిన ప్రతి నిమిషం అతని జేబులోంచే పోతుంది. డ్యామేజి పడితే కూలి కోస్తారు కాబట్టి చద్దరును లోపలికి మడతపెట్టి దాటించేస్తారు. చిన్నప్పటినుంచి ఇది చూసి పెరిగాను కదా నాయినా, తప్పు దాచుకోవడం మనకు కార్ఖానాయే నేర్పింది కదా అన్నాను.

ఆయన అంతా విన్నాడు. "పీసు కూలోడు మగ్గం ఆపితే వాని పగారు పోతది. నీది నెల పగారు గద. నువ్వు ఆపితే నీదేం పోయేది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఏమీ పోయేది కాదు. లోన్ ఉంది, ఉద్యోగం పోతుందేమోనని భయం ఉంది అన్నవి తర్వాత అల్లుకున్న మాటలు. ఆరున్నరకు డీబీఏ దగ్గరికి నడిచినవాణ్ణి ఏ కంపెనీ తీసేయదని ఆ వేళే నాకు తెలుసు. పోయేది ఒక్కటే. నేను తప్పు చేయనివాణ్ణన్న పేరు. నీలం నగర్‌లో లెక్కలు ఎప్పుడూ తప్పని కుర్రాడిగా పెరిగాను. గల్లీలో కరెంటు బిల్లు తేడా వచ్చినా, రేషన్ కాగితం అర్థం కాకపోయినా నన్నే పిలిచేవాళ్లు. పుణేలోనూ టీమ్‌లో ఆ పేరే. ఆ పేరును కాపాడుకోవడానికి ఏడు వేలమంది పగారు పణంగా పెట్టాను, ఒక అమ్మాయి కూలి తీసేశాను. భయపడినవాణ్ణి అర్థం చేసుకోవచ్చు. నాది భయం కాదు, డాబు. దీన్ని ఒప్పుకోవడానికి నాకు క్వెరీ తప్పును ఒప్పుకోవడం కన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది.

జకార్డు మగ్గం అట్టలమీది రంధ్రాలే కంప్యూటర్‌కు పూర్వరూపమని చెప్పే వ్యాసాలు చాలా వస్తాయి. 1804 నాటి జకార్డు గురించి మా నేతవాళ్ల పిల్లలకు గర్వంగా చెప్పుకోవడానికి అది బాగుంటుంది. నాకు మాత్రం పనికొచ్చింది వేరే మగ్గం. జపాన్‌లో వడ్రంగి ఇంట పుట్టిన సకిచి టొయొడా 1924లో ఒక స్వయంచాలక మగ్గం తెచ్చాడు. అందులో పడుగు పోగు తెగినా, పేక తెగినా మగ్గం దానంతటదే ఆగిపోతుంది. అలా ఆగడం వల్ల ఒక మనిషి పదుల మగ్గాలు చూడగలిగాడు, పాడైన గుడ్డ పోగుపడలేదు. 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ ఆ మగ్గం హక్కులు కొన్నది. సకిచి కొడుకు కియిచిరో కార్ల తయారీ మొదలుపెట్టాడు. ఆ టొయోటా కార్ఖానాలో ఆ మగ్గం సూత్రమే మనుషుల చేతికి వచ్చింది: తేడా కనబడితే ఏ కార్మికుడైనా తాడు లాగి మొత్తం వరుసను ఆపవచ్చు. ఈనాడు సాఫ్ట్‌వేర్ కంపెనీలు అప్పుతెచ్చుకున్న పద్ధతుల్లో చాలా వాటి వేరు అక్కడుంది. మా సోలాపూర్ సాదా మరమగ్గాలు చాలావాటికి పడుగు తెగితే ఆపే పరికరమే లేదు. 2017లో వచ్చిన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో పాత మగ్గాలకు బిగించుకోమని ప్రభుత్వం సాయమిచ్చిన వాటిలో అదీ ఉంది. అంతవరకూ నేతగాడి కళ్లే ఆ పరికరం. టొయొడా మగ్గానికి కాపాడుకోవలసిన పేరు లేదు, అందుకే ఆగగలిగింది.

నా సంగతి జరిగాక ఇతరులు ఇలాంటప్పుడు ఏం చేశారో వెతికి చదివాను. అన్నింటికన్నా ఎక్కువ నేర్పినది, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ కథ. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజినీరు ఒకరు, వెనకబడిపోయిన రెండో డేటాబేస్‌ను బాగుచేస్తూ, దాని ఫోల్డరు తుడిచి మళ్లీ మొదలుపెడదామనుకున్నాడు. తుడిచే ఆజ్ఞ ఇచ్చింది మాత్రం అసలు డేటాబేస్ సర్వర్‌లో. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపాడు. దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్‌లు చూస్తే ఒక్కటీ సరిగా పనిచేయడం లేదు. రోజూ జరగవలసిన బ్యాకప్ వెర్షన్ల తేడా వల్ల ఆగిపోతూ ఉంది, ఆగిపోయిందని చెప్పవలసిన ఈమెయిళ్లు మనుషులకు చేరనే లేదు. అదృష్టవశాత్తూ సుమారు ఆరు గంటల ముందు అదే ఇంజినీరు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి మిగిలింది. దాంతో నిలబడ్డారు. ఆ ఆరు గంటల్లో జరిగినవి, సుమారు 5,000 ప్రాజెక్టుల మార్పులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు, పోయాయి.

నన్ను కదిలించింది పోయినవాటి లెక్క కాదు. వాళ్లు తాము రాసుకుంటున్న నోట్సును అప్పటికప్పుడే అందరికీ తెరిచిపెట్టారు. తిరిగి నిలబెట్టే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో సలహాలు పంపారు. ఆ ఇంజినీరుకూ నా వయసే ఉండవచ్చు, నాకున్నంత పేరు అతనికీ ఉండి ఉంటుంది. అతనూ పాత నకలు వాడాడు, నేనూ పాత నకలు వాడాను. అతను ఆరు గంటలు పోయాయని చెప్పి వాడాడు. నేను వారం పోయిందని తెలిసి, చెప్పకుండా వాడాను. సాంకేతికంగా మా ఇద్దరి పనీ ఒకటే.

అమెరికాలో చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ కంపెనీలో ఏటా ఒక స్వెటర్ బహుమతిగా ఇచ్చే అలవాటుండేది. మూడు చేతుల స్వెటర్. ఎవరూ ఊహించనంతగా ఆశ్చర్యపరిచే విధంగా వ్యవస్థను చెడగొట్టినవారికి అది దక్కేది. ఆ కంపెనీలో సాంకేతిక నిర్వహణ చూసిన జాన్ ఆల్‌స్పా 2012లో, నిందలేని విచారణ ఎందుకు కావాలో వివరంగా రాశాడు: మనిషిని శిక్షిస్తే అతను వివరాలు దాస్తాడు, వివరాలు దాగితే అదే తప్పు మళ్లీ జరుగుతుంది. అది చదివి మొదట నాకు ఊరట కలిగింది, నన్ను ఇలా తయారుచేసింది కంపెనీ పద్ధతే అనుకోవడానికి వీలు దొరికింది. నాయిన ప్రశ్న ఆ ఊరటను నిలవనివ్వలేదు. శిక్ష భయం తీసేస్తే పీసు కూలివాడు మాట్లాడతాడు. డాబు ఉన్నవాడు అప్పుడూ మాట్లాడడు. ఆ స్వెటర్ మందు వేసింది ఈ రెండో రోగానికని నేను నమ్ముతాను. తప్పును అందరి ముందూ ఒంటికి తొడుక్కుని నిలబడిన మనిషికి ఇక కాపాడుకోవడానికి ఏమీ మిగలదు.

డాబు మనుషులకే కాదు, సంస్థలకూ ఉంటుంది. బ్రిటన్ పోస్టాఫీసులు 1999 నుంచి వాడిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో లోపాలుండేవి. లేని లోటును ఉన్నట్టు చూపేది. అంకెలు నమ్మదగినట్టే ఉండేవి. మా సాఫ్ట్‌వేర్ తప్పు చేయదని సంస్థ పట్టుబట్టింది. చిన్న చిన్న పోస్టాఫీసులు నడుపుకునేవాళ్లలో 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల వంటి నేరాలకింద శిక్ష పడింది. వాళ్లలో భారతీయ సంతతికి చెందిన సీమా మిశ్రా 2010లో జైలుకు వెళ్లేనాటికి గర్భవతి. సాఫ్ట్‌వేర్‌లోనే లోపాలున్నాయని 2019లో హైకోర్టు తేల్చింది, ఆమె శిక్ష 2021లో రద్దయింది, 2024లో పార్లమెంటు చట్టం చేసి మిగతావాళ్లలో చాలామంది శిక్షలనూ తుడిచింది. ఇది చదువుతున్నంతసేపూ నాకు ఆ ఆపరేటరు గొంతే వినిపించింది. రెండుసార్లు చూసుకున్నాను సార్ అని ఆ పోస్టాఫీసుల వాళ్లూ అని ఉంటారు. అటువైపు ఫోన్లలో నాలాంటివాళ్లు మ్యూట్‌లో కూర్చుని ఉంటారు.

ఇలాంటివి మనసులో పెట్టుకుని ఎలా బతకాలని కొందరు తమ్ముళ్లు నన్ను అడుగుతుంటారు. ముఖ్యంగా మా పేటనుంచి పుణే, హైదరాబాద్ వెళ్లిన పిల్లలు, ఇంట్లో మొదటిసారి ఆఫీసు మెట్లెక్కినవాళ్లు. ప్రొడక్షన్ పడేసిన రాత్రి నిద్ర పట్టక ఫోన్ చేస్తారు. నేను వాళ్లకు ధైర్యం చెప్పను, ముందు ఒకటే అడుగుతాను: ఎవరికైనా చెప్పావా? ఇంకా చెప్పలేదంటే ఫోన్ పెట్టి ముందు వాళ్లకు చెప్పమంటాను. చెప్పానంటే అప్పుడు మాట్లాడుకుంటాం, తెల్లవారేదాకా అయినా సరే. చెప్పినవాడి బాధ రోజురోజుకూ తగ్గుతుంది. ఇది నేను చూసిన సంగతి. చెప్పనివాడి బాధ ఎలా పెరుగుతుందో నా మీద నేనే చూశాను.

ఒకటి మాత్రం చెప్పాలి. డాబు నాదే అయినా, వ్యవస్థను అలాగే వదిలేయకూడదు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉండకూడదు. కమిట్ అడగకుండా ఏ మార్పూ అసలు డేటాబేస్‌లో పడకూడదు. మారబోయే వరుసలు ఎన్నో ముందు చూపించి, ఆ అంకె చేత్తో కొట్టిస్తేనే ముందుకు పోవాలి. మూలకారణం రాసే పని ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడికి అప్పజెప్పకూడదు. ఆర్‌సీఏలో 'హ్యూమన్ ఎర్రర్' అని రాసి సంతకం పెట్టేయడం మన ఆఫీసుల్లో రివాజు. ఆ రెండు మాటలు కనబడిన ప్రతి కాగితాన్నీ నేను వెనక్కి పంపుతాను. పొరపాటు ఎలా జరగగలిగిందో, ఎవరికి ఎప్పుడు తెలిసిందో, తెలిసిన క్షణానికీ చెప్పిన క్షణానికీ మధ్య ఏం జరిగిందో రాయమంటాను. నా మొదటి నివేదికనూ సరిదిద్దినదాన్నీ కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు, ఊరి పేరూ కంపెనీ పేరూ లేకుండా, 'ఉండవచ్చు' అన్న ఆ వాక్యాన్ని మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. రాసింది నేనేనని కూడా ఇప్పుడు చెబుతున్నాను.

ఇప్పుడు నేను పనిచేసే చోట రాత్రి బ్యాచ్‌ను ఆపడానికి ఒక మీట ఉంది. టీమ్‌లో ఎవరైనా నొక్కవచ్చు, నిన్న చేరినవాళ్లయినా సరే, ముందు ఎవరినీ అడగనక్కర్లేదు. ఈమధ్య ఒక అమ్మాయి నొక్కింది. మొత్తాలు చూస్తే అనుమానంగా ఉందంది. మేమంతా కూర్చుని వెతికితే తప్పేమీ లేదు, ఒక కార్ఖానాలో బోనస్ పడిన నెల కావడం వల్ల అంకె పెరిగింది. బ్యాంకు ఫైలు ఆలస్యమైంది, క్లయింటు కోప్పడ్డాడు. ఆలస్యానికి సంజాయిషీ నా పేరు మీదే పంపాను, ఆమె పేరు అందులో రాయలేదు. వచ్చే నెల బ్యాచ్ డ్యూటీ కూడా ఆమెకే వేశాను.